టన్నుకు వంద కిలోలు

జనవరి 6, సోమవారం

తబస్సుమ్ వచ్చి వెళ్లింది. నాగేశ్వర సంతకం పెట్టనన్నాడట.

కోపంలో రాస్తే అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. రేపు నాకే అర్థం కావు. నెమ్మదిగా రాస్తాను.

నేను రిటైరయ్యాక నా దగ్గర పిహెచ్.డి. చేస్తున్న వాళ్లను యూనివర్సిటీ వాళ్లు ఆస్తి పంపకంలో గొడ్లను పంచినట్టు పంచారు. తబస్సుమ్ నాగేశ్వర వంతుకు పోయింది. అప్పటికే వాడు హెడ్డు. తర్వాత డీన్ అయ్యాడు. ఆమె విషయం చీనీకాయల సప్లై చైన్, కోస్తావాళ్లు బత్తాయి అంటారే, ఆ కాయ. తోటలో కోసిన కాయ మండీ మీదుగా లారీ ఎక్కి ఉత్తరాదికి చేరేదాకా ఎవరి చేయి ఎక్కడ పడుతుందో చూడటం. నేనిచ్చిన విషయమే. ఆమె తండ్రి లాల్ అహమ్మద్ అనంతపురం మండీలో కాటా వేసే మనిషి. తూకం అయ్యాక టన్నుకు వంద కిలోలు తీసేసి మిగిలినదానికే లెక్క కడతారని, దాని పేరు సూటు అని, ఆ పిల్లకు పలక పట్టే వయసులోనే తెలుసు. నాలుగో అధ్యాయం మొత్తం దాని మీదే. ఒక సీజనంతా మండీలో నిలబడి రాసింది.

"ఏమన్నాడు?" అని అడిగాను.

"నాలుగో చాప్టర్ తీసేయమన్నాడు సార్. సూటు గీటు అని రాస్తే దాన్ని థీసిస్ అనరమ్మా, కరపత్రం అంటారు అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఆలోచిస్తా సార్ అన్నా."

"ఆలోచించేదేముంది? తీయొద్దు."

ఆమె చీర కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. వంటింట్లోంచి నా భార్య లక్ష్మీదేవమ్మ వచ్చి టీ పెట్టింది. "ఆ పాప మీతో చెప్పలేకుండాది, నేను చెప్తా. మీకు పింఛను వస్తాంది. ఆ పాపకు ఇంకా జీతమే సరిగ్గా లేదు."

ఈ నెలాఖరు ఆఖరి గడువు. పొడిగింపులన్నీ అయిపోయాయి. ఆ రోజు సాయంత్రంలోగా గైడు సంతకంతో థీసిస్ అందకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. గుత్తి దగ్గర ప్రైవేటు కాలేజీలో ఎంబీఏ పిల్లలకు చెబుతోంది. డాక్టరేటు వస్తుందన్న మాట మీదే ఉంచుకున్నారు. రాకపోతే వేసవి తర్వాత రావద్దన్నారు. ఇదంతా నాకు తెలియక కాదు.

తెలిసే చెబుతున్నాను. తీయకూడదు.

జనవరి 8

నాగేశ్వరకు ఆ అధ్యాయం ఎందుకు గుచ్చుకుంటుందో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

వాడు రీడరుగా ఉన్న రోజుల్లో ఒక పేపరు రాశాడు. అనంతపురం చీనీలో పది శాతం దారిలోనే కుళ్లిపోతోందని. ఎలా కనిపెట్టాడు? ఒక ఉదయం మండీకి పోయాడు. తోటలో తూచిన బరువు రైతును అడిగి రాసుకున్నాడు. మండీ పట్టీలో బరువు చూసి రాసుకున్నాడు. టన్నుకు వంద కిలోలు తేడా వచ్చింది. తేడా వచ్చిందంటే కుళ్లిందన్నమాట అనుకున్నాడు. కుళ్లిన కాయ ఒక్కటైనా చేత్తో పట్టుకున్నాడా? వాసన చూశాడా? పక్కన నిలబడి ఉన్న రైతును, ఏమప్పా, ఈ వంద ఏమైంది అని అడిగాడా? అడిగి ఉంటే నవ్వేవాడు. వ్యాపారి జేబులోకి పోయినదాన్ని ఎండ మీదికి నెట్టేశాడు. యాడికి పల్లెల్లో గొడ్లు కాసేవాడు కూడా చేయని తప్పు. ఆ తప్పు చేయడానికి చాలా చదువు కావాలి.

ఆ పది శాతం మీద ఎన్ని కట్టారని. వాడి ప్రమోషన్ కట్టారు. ఇంకొకడు దాన్ని చూసి రాశాడు, ఆ రెండోవాణ్ణి చూసి మూడోవాడు రాశాడు. కుళ్లిపోతోంది కాబట్టి చల్లని గిడ్డంగి కావాలన్నారు. ఊరవతల కట్టారు. చీనీ ఒక్క బుట్ట కూడా దాంట్లోకి పోలేదు. ఎందుకు పోతుంది, కుళ్లితే కదా. ఇప్పుడు దాంట్లో పార్టీల ఫ్లెక్సీలు చుట్టి పెడుతున్నారు. అవి మాత్రం చెడిపోకుండా ఉన్నాయట.

పాత రాజుల శాసనాల్లో తక్కెడ తప్పినవాడికి శిక్షలు రాసి ఉంటాయి. తక్కెడ తప్పును ఎండ తప్పుగా రాసినవాడికి ఏ శాసనంలోనూ శిక్ష లేదు. అంత దూరం ఆలోచించలేదు పాపం ఆ రాజులు.

ఇంకొకటి. తబస్సుమ్ ఇంతవరకు అచ్చు వేయించిన ప్రతి పేపరులోనూ మొదటి పేరు నాగేశ్వరది. అడిగితే ఆచారం అంటాడు. గైడు పేరు ముందు ఉండటం ఆచారమట. నేను ఇరవై మందికి గైడుగా ఉన్నాను. ఒక్కరి రాత మీద నా పేరు వేయించుకోలేదు. అందుకే డీన్ కాలేదంటుంది లక్ష్మీదేవమ్మ.

జనవరి 12, ఆదివారం

ఫోన్ చేశాను. చేయకూడదనే అనుకున్నాను.

"అన్నా, బాగుండారా? ఆరోగ్యం ఎట్లుండాది?" అన్నాడు. తేనె.

"నా ఆరోగ్యం అట్లుండనీ. ఆ పాప సంతకం సంగతి చెప్పు."

"సంతకం పెట్టనని ఎవరన్నారన్నా? చిన్న చిన్న సవరణలు. అంతే."

"అధ్యాయం కోసేయడం చిన్న సవరణా? తల తీసేసి క్షవరం చేసినాననేటట్టుండావే."

నవ్వాడు. "మీరేం మారలేదన్నా."

"కుళ్లిన కాయలు నువ్వు చూసినావా నాగేశ్వరా? ఆ దినం మండీలో?"

ఫోన్లోనే ఒకసారి దగ్గాడు. తర్వాత, "ఆ లెక్కను ఎంతమంది వాడుకున్నారో తెలుసునా? ఢిల్లీ రిపోర్టుల్లో గూడా ఉండాది" అన్నాడు.

"పదిమంది మోసినంత మాత్రాన పీనుగు లేచి నడుస్తాదా?"

ఆ మాటకు వాడి తేనె ఇంకిపోయింది. "అన్నా, ఆ పాపకు మీరు మేలు చేస్తాండారో కీడు చేస్తాండారో ఒకసారి కూసోని ఆలోచన చేసుకోండి" అని పెట్టేశాడు.

వాడు నాకు ఆలోచన నేర్పుతాడు.

జనవరి 19

వైస్ చాన్సలర్‌కు ఫిర్యాదు సిద్ధం చేశాను. వారం పట్టింది. ఇంత మంచి ఇంగ్లీషు రాసి చాలా ఏళ్లయింది. గైడు తన పాత తప్పును కాపాడుకోవడానికి విద్యార్థి నోరు నొక్కడం గురించి, పోస్టులు ఎలా వస్తాయన్న దాని గురించి, నాకు రావలసిన హెడ్డు పదవి కోసం వాడు ఏ ఎమ్మెల్యే గుమ్మంలో కూర్చున్నాడన్న దాని గురించి, అన్నీ ఉన్నాయి. తబస్సుమ్ సంతకం పెడితే చాలు.

ఆమె వచ్చి, నిలబడే చదివింది. మళ్లీ మొదటి పేజీ తిప్పింది.

"బాగా రాసినారు సార్" అంది.

"పెట్టు మరి."

"ఇది మీ కొట్లాట సార్. దీంట్లో నా పేరు అడుగున సంతకం కాడ తప్ప యాడా లేదు."

"విషయం నీదే కదమ్మా."

"ఆ హెడ్డు పోస్టు నాది కాదు గదా సార్. నేను అప్పుడు ఇంటర్ చదువుతాన్నా."

వంటింట్లో గిన్నె పడింది. లక్ష్మీదేవమ్మ నవ్వు ఆపుకుంటే చేతిలోవి జారుతాయి.

నేను తబస్సుమ్‌కు చెప్పాను. భయపడేవాళ్లకు పరిశోధన కాదు, గుమాస్తా పని మేలని. అన్నాక ఆమె ముఖం చూశాను. చెప్పులు వేసుకుంటూ, "మా నాయన ఆ మండీలోనే పని చేయాల సార్, రేపు గూడా" అంది.

అన్నది తప్పేమీ కాదు. గట్టిగా అన్నానేమో.

జనవరి 27

ఫోన్ ఎత్తడం లేదు.

జనవరి 30

తీసేసింది.

నాలుగో అధ్యాయం తీసేసి, ఐదును నాలుగు చేసి, నాగేశ్వర సంతకంతో ఈ రోజు థీసిస్ ఇచ్చేసిందట. ఆఫీసు గుమాస్తా చెప్పాడు. "సార్, మీ స్టూడెంటు సబ్మిట్ చేసింది, స్వీట్లేవి?" అన్నాడు.

ఒక సీజనంతా ఎండలో నిలబడి, మనుషుల నోట మాట రాబట్టి రాసినదాన్ని ఒక్క మాటకు కోసి ఇచ్చేసింది. వాడికి ఇప్పుడు రెండు విజయాలు. పది శాతం అలాగే ఉంది, శిష్యురాలికి డాక్టరేటూ ఇప్పించాడు.

ఇంకెప్పుడూ ఈ ఇంటికి రావద్దని చెప్పాలనుకున్నాను. చెప్పడానికి ఫోన్ ఎత్తదు.

ఫిబ్రవరి 2

ఆ విషయం ఇక రాయను.

ఫిబ్రవరి 9

టన్నుకు వంద కిలోలు. ఒక లారీకి ఎంత, ఒక సీజనుకు ఎంత. నీళ్ల కోసం బోరు మీద బోరు వేసి, వెయ్యి అడుగుల కింద తడి వెతికి, చెట్టును బతికించిన మనిషి దగ్గర తీసుకునేది అది. దాన్ని వాడు కుళ్లు అంటాడు. ఈమె దాని పేరే ఎత్తలేదు. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ తప్పు?

రాయనన్నాను.

మార్చి 22

గుంతకల్లు మార్కెట్లో లక్ష్మీదేవమ్మకు మదీనాబీ కనిపించిందట. తబస్సుమ్ వాళ్లమ్మ. "సార్‌కు కోపం పోయిందా అక్కా?" అని అడిగిందట.

"ఏం చెప్పినావు?"

"పోయేదానికి అది అల్లుడా, పండగ చేసుకోని పోవడానికి? ఈడనే ఉంటాది అని చెప్పినా."

జూన్ 17

థీసిస్ దిద్దిన ఇద్దరూ బాగుందని రాశారట. అంత బాగుండటానికి దాంట్లో ఏం మిగిలిందో.

ఆగస్టు 25, సోమవారం

తబస్సుమ్ వచ్చింది. వచ్చే వారం బుధవారం వైవా. ఓపెన్ వైవా, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు, ప్రశ్న అడగవచ్చు. బోర్డు మీద నోటీసు అంటించారట. నాకు చేతికి ఒక కాగితం ఇచ్చింది.

నేను చదవనట్టు పక్కన పెట్టాను.

"రావల్ల సార్ మీరు" అంది.

"ఎందుకు? నాలుగో అధ్యాయం లేని థీసిస్‌కు నేనెందుకు?"

"రండి. కానీ నోరు తెరవద్దండి."

ఇంత సూటిగా నాతో మాట్లాడిన విద్యార్థి ఇంతవరకు లేరు. లక్ష్మీదేవమ్మ, "నోరు తెరవకుండా ఉండేటట్టయితే నేనెప్పుడో ఈయనను కాశీకి పిలుచుకోని పోయుందును" అంది. ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు.

ఓపెన్ వైవా అన్న మాట ఒకటే చెవిలో పడింది. ఎవరైనా ప్రశ్న అడగవచ్చు. నాగేశ్వర వేదిక మీద ఉంటాడు. బయటి పరీక్షకుడు ఉంటాడు.

సెప్టెంబర్ 2

ప్రశ్న సిద్ధం. ఒకే ఒక ప్రశ్న. పది శాతం నష్టమని ప్రకటించిన పేపరు రచయిత ఈ వేదిక మీదే ఉన్నారు, ఆ నష్టాన్ని ఆయన కళ్లతో చూశారా అని అభ్యర్థి తన గైడును ఎప్పుడైనా అడిగారా?

ఆమె అడిగానన్నా చావే, అడగలేదన్నా చావే. కాదు. చావు వాడికి. ఆమెకు కాదు. ఆమెకు ఏమీ కాదు. థీసిస్ బాగుందని ఇద్దరూ రాశాక వైవాలో ఎవరినీ ఆపరు.

ఆపవచ్చు. నేనే ఒకసారి ఒకణ్ణి ఆపాను. సవరించి మళ్లీ రమ్మన్నాను. ఆ తర్వాత వాడు రాలేదు.

ఆమెకు ఏమీ కాదు.

సెప్టెంబర్ 3, బుధవారం

గుంతకల్లు నుంచి పాసింజరు బండిలో అనంతపురం పోయాను. లక్ష్మీదేవమ్మ ఇస్త్రీ చొక్కా ఇచ్చి, "ఆ పాప దినం ఇది. మీది కాదు" అంది. అంతే అంది.

సెమినార్ హాల్లో పూలదండలు, శాలువాలు, నీళ్ల సీసాలు. వైవా అయ్యాక అందరికీ భోజనం, అభ్యర్థి ఖర్చు. ఆకలితో వచ్చినవాళ్లే ఎక్కువ. లాల్ అహమ్మద్ చివరి వరుసలో తెల్ల చొక్కాతో కూర్చుని ఉన్నాడు. నేను పోయి పక్కన కూర్చున్నాను. "వచ్చినారా సార్" అని లేవబోయాడు, కూర్చోబెట్టాను.

పరీక్షకుడు మైసూరు వైపు నుంచి వచ్చినాయన. నెమ్మదైన మనిషి. తబస్సుమ్ తెర మీద ఒకటొకటిగా చూపిస్తోంది. అంతా ఇంగ్లీషులోనే. తోటలో బరువు, మండీలో బరువు, రెంటి మధ్య గడి. ఆ గడి పైన నష్టం అని లేదు. కుళ్లు అని లేదు. తూకంలో తేడా అని ఉంది. నేను కళ్లద్దాలు తుడిచి మళ్లీ చూశాను. నాలుగో అధ్యాయం పోయిందని చూసుకున్నాడే గాని, నాగేశ్వర మిగతాది చదవకుండానే సంతకం పెట్టినట్టున్నాడు.

ఆయనా అదే పట్టుకున్నాడు. "మీ గైడు గారి పేపరుతో సహా అందరూ దీన్ని పాడైపోయిన సరుకు అన్నారు కదా. మీరు ఆ మాట వాడలేదు. ఆ పేపరు కూడా మీ జాబితాలో లేదు. ఎందుకని?"

"పాడైన కాయలు నాకు కనపడలేదు సార్. కనపడనిది రాయలేదు" అంది.

నాగేశ్వర మైకు దగ్గరికి వంగాడు. అది చాలా పెద్ద చర్చ అన్నాడు, తీరిగ్గా మాట్లాడుకోవచ్చన్నాడు, భోజనం చల్లారిపోతోందన్నాడు. జనం నవ్వారు. చెప్పడానికి తెరిచిన నోటిని తబస్సుమ్ మూసుకుంది. ఆచారం ప్రకారం అడగాలి కాబట్టి, "సభలో ఎవరికైనా ప్రశ్నలున్నాయా? లేవు కదా" అన్నాడు, అప్పుడే లేస్తూ.

నేను లేచాను.

వాడు నన్ను చూసి మళ్లీ కూర్చున్నాడు. ఆ కూర్చోవడం చూడటానికి ఎన్నేళ్లు ఎదురుచూశానో. ప్రశ్న నాలుక మీదే ఉంది. తబస్సుమ్ పాయింటర్ ఆర్పి నా వైపే చూస్తోంది. లాల్ అహమ్మద్ నా చొక్కా అంచు పట్టుకోలేదు, కానీ అతని చేయి బెంచీ మీద ఇంతకుముందు నా చేయి ఉన్నచోటే ఉంది.

ఒక ప్రశ్న ఉంది. ఏమీ చదవకుండా వచ్చినవాడు అడిగేది. దాన్ని అడిగినవాళ్లను నా సర్వీసులో నేను మనుషుల్లో లెక్కపెట్టలేదు. అదే అడిగాను. ఈ విషయం మీద ముందు ముందు ఎవరైనా పరిశోధన చేయాలంటే ఇంకా ఏం మిగిలి ఉందమ్మా?

నాగేశ్వర ఊపిరి వదలడం మైకులో వినపడింది. ఆ ప్రశ్నను ఏ డీనూ వద్దనలేడు.

"ఒకటి మిగిలింది సార్" అంది తబస్సుమ్. "దాని పేరు సూటు. ఆ మాటకు ఇంగ్లీషు నాకు దొరకలేదు." చెప్పింది. తూకం అయ్యాక టన్నుకు వంద కిలోలు తీసేయడం. తీసిన కాయ కూడా అదే లారీ ఎక్కి అదే ధరకు అమ్ముడుపోవడం. ఏ అంగడి పేరూ చెప్పలేదు, ఏ మనిషి పేరూ చెప్పలేదు. కాగితం చూడకుండా చెప్పింది. తీసేసిన అధ్యాయం మొత్తం టీ తాగేంత సేపట్లో చెప్పేసింది.

"అంటే రైతు టన్ను ఇచ్చి తొమ్మిది వందల కిలోల డబ్బు తీసుకుంటాడా?" అన్నాడు మైసూరాయన.

"అవును సార్."

"ఆ వందకు బిల్లు?"

"ఉండదు సార్."

ఆయన నాగేశ్వర వైపు తిరిగి చాలాసేపు చూశాడు. తర్వాత రాసుకున్నాడు.

డాక్టరేటు ఇవ్వవచ్చని ప్రకటించారు. చప్పట్లు. మదీనాబీ ఎక్కడి నుంచి వచ్చిందో, ఏడుస్తూ బిడ్డను పట్టుకుంది.

ఇక్కడితో అయిపోతే నేనీ రాత్రి నిద్రపోయేవాణ్ణి. శాలువాలు కప్పాక నాగేశ్వర మళ్లీ మైకు తీసుకున్నాడు. సూటు అనే ఈ దుర్మార్గాన్ని మొట్టమొదట గుర్తించినవాణ్ణి నేనే అన్నాడు. ఈ అమ్మాయిని ఆ దారిలో నడిపించింది కూడా నేనే అన్నాడు. త్వరలో తన నాయకత్వంలో దీని మీద పెద్ద ప్రాజెక్టు వస్తుందన్నాడు. సూటు, సూటు అని ఎన్నిసార్లు అన్నాడో. కంఠం గద్గదమైంది కూడా.

నేను లేచాను. ఈసారి లాల్ అహమ్మద్ పట్టుకున్నాడు.

"కూసో సార్. బువ్వ తిని పోదాం."

సెప్టెంబర్ 5, శుక్రవారం

ఉపాధ్యాయ దినోత్సవం. జిల్లా పేజీలో వాడి ఫోటో. చేతిలో చీనీకాయ. 'రైతును దోచేస్తున్న సూటు: డీన్ నాగేశ్వర పరిశోధనలో వెల్లడి.' మొదటి నుంచి చివరిదాకా వెతికాను. తబస్సుమ్ పేరు లేదు.

వెంటనే ఫోన్ చేశాను. ఎత్తింది.

"చూసినావా?"

"చూసినా సార్. ఫోటో బాగా పడింది." నవ్వుతోంది.

"నీ పేరు ఏదీ? ఏం మనిషివమ్మా నువ్వు? నీది ఎత్తుకుపోతే నవ్వుతావా?"

"మండీ వాళ్లు పొద్దున్నుంచి ఆయనకే ఫోన్లు చేసి తిడతాండారంట సార్. మా నాయనను ఒక్కడు గూడా అడగలా. రోజుమాదిరే పోయి కాటా కాడ నిలబడినాడు."

నేను చేతిలోని పేపరు మడిచాను.

"థీసిస్‌లో రాసింటే అది నాదయ్యేది సార్. వాళ్లు మా ఇంటికి వచ్చేవాళ్లు. మైకులో చెప్తే ఆయనదవుతాది. నాలుగేండ్లు ఆయన కింద చేసినా, నేను రాసినదాంట్లో ఆయన పేరు పెట్టుకోనిది ఒక్కటుంటే చూపించండి. ఎత్తుకోకుండా ఉంటాడా?"

"నాకు ముందే చెప్పకూడదా?"

"మీ మొగంలో ఏదీ దాగదు సార్. కానీ మీరు లేవకపోయింటే నాకు సందే దొరికేది కాదు. భోజనం అని లేపేసినాడు గదా." మళ్లీ తనే అంది, "పేపర్లో ఇంత పెద్దగా సూటు అని చెప్పుకున్నాడు. ఇంక మళ్లీ కుళ్లు అని యాడ అంటాడు సార్?"

అనలేడు. అది నిజమే. ఆ పది శాతాన్ని వాడి చేతులతో వాడే పూడ్చుకున్నాడు, పైన పూలు కూడా చల్లుకున్నాడు. ఆమె గెలిచింది. ఒప్పుకుంటాను.

కానీ రేపు మండీలో సూటు తీయరా? తీస్తారు. ప్రాజెక్టు వస్తుంది, వాడికి కారు వస్తుంది, ఊరవతల ఇంకేదో కడతారు. టన్ను ఇచ్చిన రైతు తొమ్మిది వందలకే డబ్బు తీసుకుని బస్సెక్కుతాడు.

పేపరు లక్ష్మీదేవమ్మకు ఇచ్చాను. అలమారలో డబ్బాల కింద పరుస్తానంది. ఫోటో కిందివైపు వచ్చేట్టు పరవమన్నాను.